ఆమెకు చెప్పని నాలుగు రోజులు

(కోలారు బంగారు గనుల ప్రాంతంలో తెలుగు సంఘ యువజనుల సాయంకాల కూడికలో చేసిన ప్రసంగం)



ఇంట్లో కష్టం వచ్చినప్పుడు విశ్వాసి ఎలా నిలబడాలో చెప్పమని నన్ను అడిగారు. గట్టిగా నిలబడినవాళ్ళు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. నేను మాత్రం తప్పటడుగు వేసిన చోటి గురించే చెప్పగలను. మా ఇంటి సంగతి మీలో చాలామందికి సగం తెలుసు. మిగతా సగం ఈ రోజు చెబుతాను. చెప్పమని నా భార్యే నన్ను పంపింది.

ఆమెకు నడుము నొప్పితో మొదలైంది. ఇంట్లో ఆడవాళ్ళ నడుము నొప్పిని ఎవరు పట్టించుకుంటారు? నీళ్ళ బిందెలు మోస్తారు, వంగి ఊడుస్తారు, నొప్పి రాదా అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఎనిమిది నెలలు నొప్పి మాత్రలతో గడిపాం. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు ఉన్నాయి కానీ వాటన్నిటినీ కలిపి చూసినవాళ్ళు లేరు. ఒక ఉదయం కాళ్ళు కదపలేకపోయింది. అప్పుడు స్కాన్ తీశారు. వెన్నెముకకు క్షయ అన్నారు.

యువకులారా, ఇది గుర్తుపెట్టుకోండి. క్షయ అంటే దగ్గు ఒక్కటే కాదు. ఊపిరితిత్తులకే కాక ఎముకలకు, గ్రంథులకు, మెదడు పొరలకు కూడా వస్తుంది. మామూలు ఊపిరితిత్తుల క్షయకు ఆరు నెలలు మందులు వాడితే, వెన్నెముకకు వచ్చినప్పుడు సంవత్సరం, కొందరికి ఇంకా ఎక్కువ కాలం వాడాలి. ఊపిరితిత్తుల్లో జబ్బు లేకపోతే అది పక్కవాళ్ళకు అంటదు. మందులు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. పోషణ కోసం నెలకు 500 రూపాయలు ఇచ్చేవాళ్ళు, 2024 నవంబరు నుంచి దాన్ని 1,000 చేశారు. ఇవన్నీ మీ వీధిలో చెప్పండి. మా ఇంటి ముందు నుంచి నడిచేటప్పుడు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నవాళ్ళు మన సంఘంలోనే ఉన్నారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు. వాళ్ళకు చెప్పాల్సింది పాస్టరునైన నేనే, చెప్పలేదు.

ఆ రోజుల్లో మా ఇంట్లో నలుగురం. నేను, నా భార్య, తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి, జిమ్మి. జిమ్మి నాటు కుక్క. పదేళ్ళ కిందట వర్షంలో తడిసి మా మెట్ల దగ్గరకు వచ్చింది. అన్నం పెట్టింది నా భార్య కాబట్టి అది ఆమె కుక్క. నన్ను ఇంట్లో ఉండే ఇంకో మనిషిగా ఓర్చుకునేది, అంతే.

ఆమె మంచాన పడ్డాక అది మంచం కిందికి చేరింది. రాత్రి నొప్పి ఎక్కువై ఆమె మూలిగితే, నిద్రపోతున్న నా చేతిని ముక్కుతో పొడిచి లేపేది. రెండు మూడు నెలల మందుల తర్వాత, నడుముకు బెల్టు కట్టుకుని వాకర్ పట్టుకుని నడవమన్నారు. మంచం దగ్గర నుంచి గుమ్మం దాకా తొమ్మిది అడుగులు. జిమ్మి గుమ్మంలో కూర్చుని తోక నేలకేసి కొడుతూ ఎదురుచూసేది. "దాన్ని ముట్టుకునే దాకా నడుస్తాను" అనేది ఆమె. డాక్టరు చెప్పిన వ్యాయామాల కాగితం గోడమీదే ఉండిపోయింది. ఆమెను నడిపించింది మాత్రం ఆ గుమ్మంలో కూర్చున్న ప్రాణి.

మందుల ఏడో నెలలో జిమ్మి తినడం తగ్గించింది. నేను చూశాను, కానీ చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఆ వారం ఆమెకు మాత్రలు పడక వాంతులయ్యాయి, కాలేయం పరీక్షలు చేయించాలి, రెండు పెళ్ళిళ్ళు, ఒక భూస్థాపన. రేపు తీసుకెళ్దాం అనుకున్నాను. ఆ రేపు నాలుగు రోజులకు వచ్చింది. పశువుల ఆస్పత్రిలో చూసి, గోమార్లు అంటామే, ఆ పురుగుల వల్ల వచ్చే జ్వరం అన్నారు. రక్తం బాగా తగ్గిపోయిందన్నారు. ముందే వస్తే మాత్రలతో పోయేదేమో అన్నారు. ఆ రాత్రే ఆస్పత్రి నుంచి వచ్చే దారిలో ఆటోలో నా ఒళ్ళో పోయింది.

ఇంటి వెనక వేపచెట్టు కింద గొయ్యి తీశాం. టార్చి మా అమ్మాయి పట్టుకుంది. మన గనుల నేల మీకు తెలుసు కదా, రాయి తగలకుండా గడ్డపార దిగదు. చాలాసేపు పట్టింది. మట్టి కప్పాక నేను మా అమ్మాయితో అన్నాను, "అమ్మకు చెప్పొద్దు. ఇప్పుడు తట్టుకోలేదు."

ఆమె ఒక్క మాట అంది. "నాన్నా, అబద్ధం ఆడకూడదని మొన్న ఆదివారం చెప్పారు కదా?"

నేను జవాబు చెప్పలేదు. నాలుగు రోజులు అబద్ధం చెప్పాను. "జిమ్మి ఏదండీ?" అంటే బయట తిరుగుతోందన్నాను. మర్నాడు పక్కవీధి కుక్కలతో పోయిందన్నాను. తర్వాత ఆమె అడగడం మానేసింది. నడవడం కూడా మానేసింది. నీరసం అనుకున్నాను. నాలుగో రాత్రి దీపం ఆర్పాక చీకట్లో అంది, "ఏమండీ, నాలుగు రోజుల నుంచి దాని గిన్నె కడిగిన చప్పుడు వినబడలేదు. నాకు నడుము పోయింది గానీ చెవులు పోలేదు. ఎక్కడ పూడ్చారు?"

ప్రియులారా, అప్పుడు నేను ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. కానీ మేము కలిసి ఏడవాల్సిన ఆ నాలుగు రోజులు నేను ఆమె దగ్గర నుంచి దొంగిలించాను. తర్వాత ఆమె అన్న మాట నన్ను ఇప్పటికీ వదలదు. "ఏడు నెలల నుంచి నా ఒంటి గురించి డాక్టరుతో మీరే మాట్లాడుతున్నారు. నేనేం తినాలో, ఎవరు నన్ను చూడొచ్చో మీరే చెబుతున్నారు. నేను దేనికి ఏడవాలో కూడా మీరే చెబుతారా?"

మనం న్యాయం గురించి మాట్లాడే సంఘం. పేదల తరఫున మేమే మాట్లాడతాం అంటూ వాళ్ళ నోరు మూసే నాయకులను విమర్శిస్తాం. ఇంట్లో రోగి విషయంలో నేను చేసింది అదే. ప్రేమతో చేశాను. అయినా అది అన్యాయమే. జబ్బు మనిషి శరీరాన్ని మంచాన పడేస్తుంది. ఆ మనిషి మాటకున్న విలువను తీసేసేది జబ్బు కాదు, చుట్టూ ఉన్న మనం.

ఇక రెండో సంగతి. జిమ్మి పోయిందని తెలిసి ఒక పెద్దాయన వచ్చాడు. మంచి మనసుతోనే అన్నాడు, "అయ్యగారూ, అమ్మ దక్కింది, దేవునికి స్తోత్రం చెప్పండి. కుక్కదేముంది, ఇంకోటి వస్తుంది." నేను స్తోత్రం అన్నాను. గొంతులో ముద్ద మాత్రం దిగలేదు. భార్య కోలుకుంటుంటే కుక్కకోసం ఏడవడం కృతజ్ఞత లేకపోవడమేనా అని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

జవాబు నాకు రెండు చోట్ల దొరికింది. మొదటిది ఫిలిప్పీ పత్రిక 2వ అధ్యాయం. సంతోషించండి అని మళ్ళీ మళ్ళీ చెప్పే పత్రిక అది. అందులోనే పౌలు ఎపఫ్రొదితు గురించి రాశాడు. చెరసాలలో ఉన్న పౌలుకు సహాయం చేయడానికి వచ్చినవాడు ఆయన, వచ్చి తానే చావుదాకా జబ్బుపడ్డాడు. దేవుడు అతన్ని కనికరించాడు, తనకు దుఃఖం మీద దుఃఖం రాకుండా తనను కూడా కనికరించాడు అంటాడు పౌలు. అంత విశ్వాసికి కూడా దుఃఖాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయని, మనిషి మోయగలిగే దానికి ఒక హద్దు ఉందని ఆయన దాచుకోలేదు. సంతోషం, దుఃఖం ఒకే ఉత్తరంలో ఇమిడాయి. ఒకే ఇంట్లో ఇమడవా?

రెండోది 2 సమూయేలు 12. దావీదు చేసిన ఘోరమైన అన్యాయాన్ని బయటపెట్టడానికి నాతాను ప్రవక్త ఎంచుకున్న కథ ఏమిటి? ఒక పేదవాడు, ఇంట్లో పెంచుకున్న ఒక్క గొర్రెపిల్ల. అతని ముద్దలోంచి తింటూ, అతని గిన్నెలోంచి తాగుతూ, అతని రొమ్ము మీద పడుకుంటూ కూతురిలా పెరిగిందట. దాన్ని ఒక ధనవంతుడు విందుకు కోసేశాడు. గొర్రెపిల్లదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు అని దావీదు అనలేదు. ఒకప్పటి గొర్రెల కాపరి కదా, కోపంతో మండిపోయాడు. రాజును నిలదీసిన ఆ మాట, ఇంట్లో పెంచుకున్న ప్రాణి కోసం పుట్టే దుఃఖం మీదే నిలబడింది. ఆ దుఃఖం చిన్నదైతే నాతాను కథకు బలమే లేదు. మందలున్నవాడికి ఒక గొర్రె లెక్కలోది. ఒక్కటే ఉన్నవాడికి అది ఇంటి మనిషి.

జంతువులు పరలోకంలో ఉంటాయా అని మీలో కొందరు నన్ను అడిగారు. మా జిమ్మి విషయంలో నేను సిద్ధాంతం చేయను. కానీ నోవహుతో దేవుడు చేసిన నిబంధనలో సమస్త జీవులూ ఉన్నాయి. నీనెవె మీద జాలిపడినప్పుడు అక్కడి పశువులను కూడా లెక్కలో వేసుకున్నాడు. పిచ్చుక నేల రాలినా తండ్రికి తెలుసని యేసు ప్రభువు చెప్పాడు. మట్టి కప్పిన చేతులకు నాకు ఇది చాలు.

మరి నా తప్పు? సమయానికి తీసుకెళ్ళలేదన్న బాధ? దాన్ని దేవుని ముందు ఒప్పుకున్నాను, నా భార్య ముందు, నా కూతురి ముందు ఒప్పుకున్నాను. నా భార్య అంది, "మీకున్నవి రెండు చేతులే కదండీ." క్షమాపణ నాకు ఆ మాటలోనే దొరికింది. కానీ ఆ రెండు చేతుల గురించి సంఘంతో ఒక మాట చెప్పాలి.

2001 ఫిబ్రవరి 28న మన గనులు మూతపడ్డాయి. అంతకుముందు నూరేళ్ళకు పైగా చిత్తూరు వైపు నుంచి, ఆర్కాటు వైపు నుంచి వచ్చిన మన తాతలు లోపలికి దిగి రాతిధూళి పీల్చారు. ఆ ధూళితో ఊపిరితిత్తులు పాడైనవాళ్ళకు క్షయ కూడా సులువుగా పట్టేది. దగ్గే ఆ మగవాళ్ళను ఏళ్ళ తరబడి చూసుకున్నది ఎవరు? మన అవ్వలు, అమ్మలు. వాళ్ళకు జీతం లేదు, సెలవు లేదు, మెచ్చుకోలు లేదు. వాళ్ళ దుఃఖం గురించి ఎవరూ అడగలేదు. నేను ఏడాదిగా వంట చేసి, బట్టలు ఉతికి, భార్యకు స్నానం చేయిస్తుంటే, "ఎంత గొప్ప భర్త!" అంటున్నారు. ఆడది చేస్తే విధి, మగవాడు చేస్తే త్యాగమా? ఆ పొగడ్త నాకు వద్దు. ఇక్కడున్న తల్లుల్లో ఎవరిది వాళ్ళకు ఇవ్వండి. యువకులారా, మీరు అన్నం వండటం, మంచం దుప్పటి మార్చటం పెళ్ళికి ముందే నేర్చుకోండి.

ఇలాంటి ఇల్లు మీకు తెలిస్తే ఏం చేయాలి? "ఏదైనా కావాలంటే చెప్పండి" అనొద్దు. అడగడానికి కూడా ఓపిక ఉండదు. మా ఇంటికి ఒక అక్క ప్రతి గురువారం మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, రెండు గంటలు నా భార్య దగ్గర కూర్చునేది. ఆ రెండు గంటలు నేను నిద్రపోయాను. ఏలీయా చావు కోరుకున్నప్పుడు దేవదూత ముందు రొట్టె, నీళ్ళు ఇచ్చాడు, పడుకోనిచ్చాడు. దేవుని మాట తర్వాత వచ్చింది. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు మౌనంగా కూర్చున్నారు. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే.

దుఃఖాలను తూకం వేయొద్దు. దేనికి ఏడుస్తున్నావని అడగకముందే పక్కన కూర్చోండి. రోగికి చెడు కబురు చెప్పాల్సి వస్తే దాచకండి. నొప్పి లేని వేళ చూసి, చెయ్యి పట్టుకుని, ఒక సంగతి ఉంది, ఇప్పుడు వింటావా అని అడగండి. ఎప్పుడు వినాలో వాళ్ళనే చెప్పనివ్వండి. చూసుకునేవాళ్ళలో ఎవరికైనా వారాల తరబడి నిద్ర లేకపోతే, తిండి దిగకపోతే, బతకాలని లేకపోతే, ప్రార్థనతో పాటు డాక్టరును కూడా కలవండి. 14416 టెలీ మానస్ నంబరు. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు. ఆ నంబరుకు ఫోన్ చేయడం విశ్వాసం లేకపోవడం కాదు.

ఇప్పుడు మందులు మొదలై పద్నాలుగో నెల. ఆమె పూర్తిగా కోలుకోలేదు. మంచి రోజులుంటాయి, రెండు అడుగులు వెనక్కి వేసే రోజులుంటాయి. జిమ్మి సంగతి బయటపడ్డాక పదకొండు రోజులకు, వేపచెట్టు దాకా నడుస్తానంది. గుమ్మం దాటడం ఆ ఏడాదిలో అదే మొదటిసారి. మధ్యలో మూడుసార్లు ప్లాస్టిక్ కుర్చీ వేశాం. మా అమ్మాయి జిమ్మి గిన్నె తెచ్చి అక్కడ పెట్టింది. ఆ గిన్నెలో ఇప్పుడు రోజూ పిచ్చుకలకు నీళ్ళు పోస్తాం. ఆ గిన్నె కడిగే పని నాది. కడిగేటప్పుడు కొంచెం చప్పుడు చేస్తాను, లోపల ఆమెకు వినబడేలా.

ప్రభువు మీ ఇళ్ళను, మీ ఇంటి గుమ్మంలో ఎదురుచూసే ప్రతి ప్రాణిని కాపాడును గాక. ఆమేన్.