రచ్చబండపై జట్టు కూర్పు



నేనీ పూట క్రికెట్టును గూర్చి మాటాడబోవుచున్నానని తెలిసి మా యింటివారే నవ్విరి. ముప్పదియారేండ్లు పాఠశాలలో ఛందస్సును వ్యాకరణమును చెప్పి, 2019లో పదవి విరమించినవాడను. బ్యాటు చేతబట్టి యెరుగను. ఆడుట తెలియకపోయినను, ఆడువారిలో నెవనిని ఉంచవలెనో, ఎవనిని తీసివేయవలెనో చెప్పుట మాత్రము నాకు బాగుగ తెలియునని చాలకాలము తలచితిని. మన దేశములో నీ విద్యకు గురువక్కరలేదు గదా!

టెస్టు ఆట ఐదు దినములు సాగును. ఇట్టి యాటలు నాలుగైదు వరుసగ జరుగునప్పుడు, ఒకదానికిని మరియొకదానికిని నడుమ కొన్ని దినముల విరామ ముండును. ఆటగాండ్రకది విశ్రాంతికాలము. అభిమానులకో, అసలైన యాట యప్పుడే మొదలగును.

ఈ తగవు నేటిది కాదు. 1936లో ఇంగ్లండునకు పోయిన మన జట్టునకు నాయకుడు విజయనగర రాజవంశమునకు చెందిన మహారాజకుమారుడు. అంతకు నాలుగేండ్లకు ముందు మన తొలి టెస్టునకు నాయకత్వము వహించిన సి. కె. నాయుడు ఆ జట్టులో సామాన్య సభ్యుడుగ నుండెను. నాగపురములో పుట్టినను ఆయన తెలుగు కుటుంబమువాడు. ఇరువురకును పొసగలేదు. లాలా అమర్‌నాథునైతే తొలి టెస్టు జరుగక మునుపే తిరుగు ప్రయాణము కట్టించిరి. ఆ పర్యటనమున మూడు టెస్టులలోను గలిపి రాజకుమారుడు చేసిన పరుగులు 33. నాడు టీవీ లేదు గనుక మన తాతలు తగవులాడక బ్రతికిపోయిరి.

మా సంగతి వేరు. మా గ్రామము కాకినాడకు బస్సులో గంటన్నర దూరమున నున్నది. రామాలయము ముందరి వేపచెట్టు చుట్టును కట్టిన యరుగే మా రచ్చబండ. దాని కెదురుగ నొక కాఫీ హోటలు, అందొక టీవీ. నేను చెప్పబోవునది 2020 డిసెంబరు, 2021 జనవరి నెలల ముచ్చట. ధనుర్మాసము. మన జట్టు ఆస్ట్రేలియాలో నాలుగు టెస్టుల నాడుచుండెను. మెల్‌బోర్నులో గాని సిడ్నీలో గాని ఆట మొదలగువేళకు మన గడియారములో ఉదయ మైదు గంటలు. కోవెలలో తిరుప్పావై ముగిసి, వేడి పొంగలి దొన్నెలు చేతబట్టుకొని, ముక్కులకు మాస్కులు తగిలించుకొని, వృద్ధులమందరమును నేరుగ హోటలునకే పోవుచుంటిమి. అర్చకులుగారు కూడ గుడి తలుపు చేరవేసి వచ్చి స్కోరడుగుచుండిరి.

డిసెంబరు 19వ తేదీన అడిలైడులో మనవారు రెండవ యిన్నింగ్సున 36 పరుగులకే కుప్పకూలిరి. ఒక్కనికైనను రెండంకెల సంఖ్య రాలేదు. 1974లో లార్డ్సులో చేసిన 42 పరుగులే అంతవరకు మనకు టెస్టులలో అత్యల్పము. దానికిని దిగువ కొకటి దొరకెను. నాయకుడు కోహ్లీ భార్య ప్రసవమునకై స్వదేశమునకు మరలెను. బౌలరు షమీ చేతికి దెబ్బ తగిలి జట్టునకు దూరమయ్యెను. ఇక మా యరుగుపై కొలువు తీరెను. ఎవనికి తోచిన పదునొకండుగురిని వాడు సిగరెట్టు పెట్టె యట్టపై వ్రాసికొని వచ్చుచుండెను. వికెట్ల వెనుక చేతివాటము గల సాహాయా, కీపింగున కొంత తడబడినను బ్యాటుతో చెలరేగు పంతా? ఈ యొక్క ప్రశ్నకే రెండు సాయంకాలములు చెల్లినవి.

మెల్‌బోర్నులో నాలుగు మార్పులు చేసిరి. రహానే నాయకుడై నూటపండ్రెండు పరుగులు చేసెను. మనవారు ఎనిమిది వికెట్లతో గెలిచిరి. ఆ మార్పులలో నొకడు హైదరాబాదు బౌలరు సిరాజు. ఆటో నడుపుకొని కుమారుని పెంచిన తండ్రి, కుమారుడు ఆస్ట్రేలియాలో నుండగనే నవంబరు 20వ తేదీన మరణించెను. ఇంటికి పోవచ్చునని పెద్దలు చెప్పినను సిరాజు పోలేదు. అతనికి తొలి టెస్టు మెల్‌బోర్నులోనే దక్కెను. రెండిన్నింగ్సులలోను గలిపి ఐదు వికెట్లు తీసెను. అంతకు వారము ముందే మా యరుగుపై, “అనుభవం లేనివాణ్ణి ఆ గడ్డ మీదకి తోస్తారా?” యని గట్టిగ నరచినవానిని నేనెరుగుదును. పేరు చెప్పను, మా వియ్యంకుడు.

ఇక నా పాపము. సిడ్నీ టెస్టునకు రోహిత్ శర్మ వచ్చుచున్నాడు గనుక, ఉన్నవారిలో నొకడు ప్రక్కకు తొలగవలెను. మయాంక్ అగర్వాలా, మన కాకినాడలో పుట్టిన హనుమ విహారియా? మయాంకు ఆ పర్యటనమున నాలుగిన్నింగ్సులలో చేసినది 31 పరుగులు. విహారి మూడింట చేసినది 45. ఇద్దరును అంతంతమాత్రమే. నేను లేచి, 2019లో విశాఖపట్టణమున మయాంకు చేసిన 215 పరుగులను, ఆ యేడే ఇందూరులో చేసిన 243 పరుగులను ఏకరువు పెట్టి, “మన వైపువాడని మొగమాటపడకూడదు. విహారిని తీసెయ్యాలి” అని తీర్పు చెప్పితిని. సొంత ప్రాంతమువానిని కాదనుటలో నాకొక నిష్పక్షపాతపు గర్వము కూడ కలిగెను. ఇది మరియొక విధమైన పక్షపాతమని అప్పుడు తోచలేదు.

ఎరువుల కొట్టు నడుపువాడొకడు, నా పూర్వవిద్యార్థి, చెట్టునకు జేరబడి యుండెను. “అది కాదండీ మాస్టారూ, ఇప్పుడక్కడ కావలసింది రెండొందలు కొట్టేవాడా, అయిదో రోజు సాయంత్రం దాకా నిలబడేవాడా? అది చూడాలి గదండీ” యనెను.

“ఎలా నిలబడాలోయ్, నీ కొట్లో యూరియా బస్తాలాగానా?” అంటిని. అందరును నవ్విరి. వాడును నవ్వెను.

జట్టును కూర్చినవారు నా మాట వినలేదు. మయాంకును కూర్చుండబెట్టి విహారిని ఉంచిరి. జనవరి 9వ తేదీ యుదయమున, హేజిల్‌వుడ్డు విసరిన బంతికి విహారి నాలుగు పరుగులవద్ద రనౌటయ్యెను. నాకు లోలోపల సంతోషము కలిగినదని చెప్పుటకు నేడు సిగ్గుపడుచున్నాను. మనవాడు ఔటైనందుకు సంతోషము! ఆ సాయంకాలము, “చూశారా? ఇన్నాళ్ళు మొయ్యడమే ఎక్కువ. తీసెయ్యండి” అంటిని.

ఎరువుల కొట్టువాడు ఈసారి నవ్వలేదు. “తీసెయ్యడం మీకు తేలికేనండీ మాస్టారూ” అని మెల్లగ ననెను. తక్కినవారికది బోధపడలేదు. నాకును తటాలున బోధపడలేదు. ఇంటికి పోవుచు దారిలో నడిగితిని. వాడు చెప్పెను.

1994లో జిల్లా పద్యపఠనపు పోటీకి మా పాఠశాలనుండి ఒక్కని పంపవలసియుండెను. పదవ తరగతి చదువుచున్న వీనికి ఆరు వారములు తర్ఫీదిచ్చితిని. చివరి వారమున వాడొక సీసపద్యము నడుమ మూడు మారులు తడబడెను. నాకు ధైర్యము చాలక, స్పష్టమైన కంఠము గల మరియొక బాలుని పేరు వ్రాసి ప్రధానోపాధ్యాయునకిచ్చితిని. వీనికి చెప్పలేదు. చెప్పుట కష్టమని వాయిదా వేసితినో, నిజముగనే మరచితినో, నేటికిని నాకు తెలియదు. మరునాటి తెల్లవారుజామున వీడు అన్నగారి తెల్లచొక్కా తొడిగికొని, తలకు నూనె రాచుకొని, పెరుగన్నపు మూటతో బస్సువద్ద నిలిచియుండెను. “నువ్వెందుకొచ్చావురా?” అంటినట. పోయినవానికి రెండవ బహుమతి వచ్చెను. నా యెంపిక యెంత సరియైనదో చెప్పుటకు ఆ బహుమతి సంగతిని ఉపాధ్యాయుల గదిలో ఏండ్లకొలది చెప్పుకొంటిని గాని, బస్సువద్ద నిలిచినవానిని మరచితిని.

“మీరు చేసింది తప్పని ననడం లేదండీ. వాడు నాకన్నా బాగానే చదివేవాడు. అన్నం మూట ఇంటికి తీసుకెళ్తే అమ్మ అడుగుతుందని, కాలవగట్టు మీద కూర్చుని తినేసి వెళ్ళానండి. అంతే” అనెను. నేను బదులు చెప్పలేకపోతిని.

జనవరి 11, సోమవారము, సిడ్నీ టెస్టునకు కడపటి దినము. గెలువవలెనన్న 407 పరుగులు చేయవలెను. కాదన్న, సాయంకాలమువరకు నిలువవలెను. ఉదయముననే రహానే ఔటయ్యెను. పంతు 97, పుజారా 77 చేసి, 272 పరుగులకు మనకు ఐదు వికెట్లు పోయినవి. మిగిలినది విహారియు అశ్వినుడును. జడేజాకు వ్రేలెముక విరిగినది. అశ్వినునకు నడుమునొప్పి. విహారికి పరుగు తీయుచుండగ తొడనరము పట్టెను. అటుపై వాడు పరుగెత్తలేడు. పరుగెత్తలేనివాడు పరుగుల యాటలో నిలుచుండి యేమి చేయును? బంతిని ఆపును. 161 బంతులాడి 23 పరుగులు చేసెను. అశ్వినుడు 128 బంతులాడి 39. బంతులు ఱొమ్ములకును మోచేతులకును తగులుచుండెను. నలుబది ఓవర్లకు మించి యీ యిద్దరును చెక్కుచెదరలేదు. 334 పరుగులకు ఐదు వికెట్లు. ఆట సమమై ముగిసెను. హోటలులో నప్పుడు కేకలు లేవు. వడ్డించిన ఇడ్లీలు చల్లారిపోయినవి. ఎరువుల కొట్టువాడు నా ప్రక్కనే కూర్చుండెను. యూరియా బస్తా మాట యెత్తలేదు. ఎత్తినను నేను పడియుందును.

తర్కశాస్త్రమున మాకొక పాఠము చెప్పుదురు. మాటలు గలిసి వాక్యమై యర్థమునిచ్చుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి యను మూడును ఉండవలెను. ఒక మాట తనంత తాను గొప్పదైన చాలదు. ప్రక్కమాట దానిని కోరవలెను, అది అచ్చట ఇమడవలెను. నిప్పుతో తడుపుచున్నాడన్నచో నిప్పును మంచి మాటయే, తడుపుటయు మంచి మాటయే, గాని వాక్యము లేదు. ఈ పాఠము నేను ఎన్ని మారులు చెప్పితినో! ఆ యరుగుపై నేను మాటల యంకెలు లెక్కించుచుండగ, ఎరువులమ్మువాడు ఆకాంక్ష యేమని యడిగెను. శాస్త్రము చదివినది నేను.

అట్లని గెలుపుతో వాదము ముగియదు. విహారి పదునైదు పరుగులవద్ద నుండగ, కీపరు పెయిను క్యాచి జారవిడిచెను. అది చిక్కియుండిన యెడల ఆ రాత్రి యరుగుపై నా గొంతే వినబడియుండును. మరియు కాలి గాయముతో విహారి తరువాతి టెస్టున ఆడనేలేదు. బ్రిస్బేనులో వాడు లేకయే గెలిచిరి. నేను తీసివేయుమన్నవాడు ఒక టెస్టును నిలువబెట్టెను. వాడు లేని టెస్టు చేజారలేదు. ఎవరిది గెలుపు?

ఆ బ్రిస్బేను టెస్టు కనుమనాడు మొదలయ్యెను. బుమ్రా, అశ్విను, జడేజా, విహారి నలుగురును గాయములతో మూలబడిరి. నేను మరల బుద్ధిలేక, కులదీపు యాదవును తీసికొనవలెనంటిని. నెట్సులో బంతులు వేయుటకని నిలుపుకొన్న వాషింగ్టను సుందరును తీసికొనిరి; వాడు మూడు వికెట్లు తీసి, ఆపై 62 పరుగులు చేసి, శార్దూలుతో గూడి యేడవ వికెట్టునకు 123 పరుగులు కూర్చెను. సిడ్నీలో ప్రేక్షకులు జాతిపేర కారుకూతలు కూసినప్పుడు వెనుదీయక అంపైరునకు చెప్పిన సిరాజు, ఇచ్చట 73 పరుగులకు ఐదు వికెట్లు తీసెను. 1988 నుండి ఆస్ట్రేలియావారు ఓడి యెరుగని ఆ మైదానమున మనవారు 328 పరుగుల లక్ష్యమును మూడు వికెట్లుండగ దాటిరి. నాలుగు టెస్టులకు మనవారు ఇరువదిమందిని దింపవలసివచ్చెను. ఏ యట్టపై వ్రాసిన పేర్లును నిలువలేదు.

తరువాత నొక యేడాదికి, 2022 జనవరిలో, జోహాన్నెస్‌బర్గున కోహ్లీకి బదులుగ విహారి యాడి, రెండవ యిన్నింగ్సున ఔటుకాక 40 పరుగులు చేసెను. కోహ్లీ కోలుకొని రాగానే కేప్‌టవును టెస్టున వానిని మరల కూర్చుండబెట్టిరి. మా యరుగుపై సంక్రాంతి ముందటి కొలువు తీరియుండెను. అందరును అన్యాయమనుచుండిరి. నాయకుడు వచ్చినప్పుడు చోటీయక తప్పునా యని ఎరువుల కొట్టువాడే వాదించుచుండెను.

నేను వాదమునకు దిగలేదు. వాని ప్రక్కకు జరిగి, “ముందుగా అతనికి చెప్పి ఉంటారంటావా?” అని యడిగితిని.

వాడు నా వైపు కొంతసేపు చూచెను. “చెప్పే ఉంటారండి మాస్టారూ. బస్సు దగ్గర మాత్రం కాదు” అనెను.