ముద్ద మనది, కడుపు దానిది

(జిగణిలోని తెలుగు కుటుంబముల సమావేశమున చదివిన ప్రసంగపాఠము)



జిగణి యందును, ఆనేకల్లు తాలూకాలోని చుట్టుపట్ల గ్రామములందును తరతరములుగా కాపురమున్న మనవారికి పశుపోషణ క్రొత్త కాదు. కొట్టమున ఆవు, వాకిట కుక్క, అటుకమీద పిల్లి మన సంసారములలో భాగములై యుండెను. నేడు పొలములు తగ్గి కర్మాగారములు పెరిగినవి. అపార్టుమెంటులు లేచినవి. కొట్టము పోయిన యిండ్లలో కొన్నింట కుందేలు చేరినది. మూగప్రాణులపై మక్కువ మాత్రము మనకు తగ్గలేదు.

ఆ మక్కువయే ఒక్కొక్కప్పుడు వాని ప్రాణము మీదికి తెచ్చుచున్నది. మనకు రుచించినది వానికిని హితమని తలచి మన విస్తరిలోనిదే పెట్టుచున్నాము. కాని కడుపులన్నియు ఒక్క తీరున లేవు. ఈ సంగతినే నేడు మనవి చేయదలచితిమి.

మొదట గోవును గూర్చి చెప్పుకొందము. ఆవు పొట్ట నాలుగు అరలు గలది. పెద్ద ఆవునకు మొదటి అరలోనే 100 లీటర్లకు పైగా పట్టును. అచ్చట గడ్డిని పులియబెట్టి సారము తీయునవి కంటికి కానరాని సూక్ష్మజీవులు. మనము మేపునది ఆ జీవులను. అవి ఆవును పోషించును. నెమరు వేయుచున్నంతసేపు ఊరు లాలాజలము ఆ తొట్టిలోని పులుపును విరుచుచుండును. రాగిగడ్డియు పచ్చగడ్డియు నెమరునకు తగినవి. అన్నము, పొంగలి, బెల్లము, పాయసము మితిమీరి పడినచో నెమరు సాగదు. కొన్ని గంటలలోనే అవి పులిసి ఆమ్లమగును. ఆ ఆమ్లము రక్తమున కెక్కినప్పుడు ఆవు మేత మానును, పొట్ట బిగియును, నిలువలేక కూలబడును. ఒకటి రెండు దినములలో మరణించుటయు కలదు. సంక్రాంతినాడు పసుపు కుంకుమలతో పూజించి, కిచ్చు దాటించి, ఇంటికొక గిన్నెడు పొంగలి పెట్టినచో పదియిండ్ల ప్రేమ ఒక్క ఆవు పొట్టలో చేరును. ప్రసాదమునకు పిడికెడు చాలును. పెండ్లి భోజనములలో మిగిలిన అన్నమును వీధిలో కుమ్మరింపరాదు.

మరియొక మాట. ఆవు మేతను ఏరి తినదు. నాలుకతో చుట్టి మ్రింగును. మనది పారిశ్రామికవాడ. మేతలో కలిసిన మేకు గాని తీగముక్క గాని రెండవ అరలో చిక్కుకొనును. ఆ అరకును గుండెకును నడుమ పలుచని పొర వంటి కండరమే అడ్డు గనుక ఆ మేకు గుండెను గ్రుచ్చుటయు కలదు. ప్లాస్టిక్ సంచి జీర్ణము గాక మొదటి అరలోనే పేరుకొనును. ఎంగిలి మెతుకులను సంచిలో ముడివేసి పారవేయువారు ఈ సంగతి మరువరాదు.

కుందేలును గడ్డి తినునదే గాని నెమరు వేయదు. దాని పులియబెట్టు తొట్టి ప్రేవుల వెనుకభాగమున నున్నది. అందు తయారైన సారము వ్యర్థము కాకుండ, మెత్తని పెంటికలను విడిగా విసర్జించి తానే తిరిగి తినును. అది రోగము కాదు, అసహ్యపడి మాన్పింపరాదు. దానికి ఎండుగడ్డి ప్రధానాహారము. క్యారెట్టు అప్పుడప్పుడు ఒక ముక్క చాలును. కుందేలు అర్ధదినము మేత ముట్టనిచో ప్రేవుల కదలిక మందగించినదని యెంచి వెంటనే వైద్యునికి చూపవలెను.

పిల్లి పద్ధతి వేరు. మాంసాహారము లేనిదే దాని దేహము నిలువదు. టారిన్ అను పదార్థమును అది తనకు చాలినంత తయారు చేసికొనలేదు. మాంసమునుండియు చేపలనుండియు పొందవలసినదే. ఆ లోపము వలన కంటిచూపు చెడునని 1975లోను, గుండె బలహీనపడునని 1987లోను అమెరికా పరిశోధకులు కనుగొనిరి. పిల్లి నాలుకకు తీపి తెలియదని 2005లో తేలినది. పాలన్నముతోనే పిల్లిని పెంచు శాకాహార గృహములు మనలో గలవు. పూర్వము ఎలుకలను పట్టుకొని తిని పిల్లి ఆ లోటు తానే తీర్చుకొనెడిది. అపార్టుమెంటు తలుపుల నడుమ నున్న పిల్లికి ఆ దారి లేదు. మాంసము ముట్టనివారు టారిన్ చేర్చి పిల్లులకై తయారుచేసిన ఆహారము కొనవచ్చును. అదియు సమ్మతము కాని యింటివారు పిల్లిని తెచ్చుకొనక కుందేలును పెంచుకొనుట ధర్మము.

కుక్క వీనికి నడుమ నున్నది. మానవుని ముంగిట వేల యేండ్లు బ్రతికినందున, పిండిపదార్థములను జీర్ణించుకొను శక్తి దానికి తోడేలుకంటె హెచ్చని 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. కావున రాగిముద్దయు అన్నమును దానికి పడును. కాని అవి మాత్రమే చాలవు, గ్రుడ్డో మాంసమో తోడు కావలెను. ఉల్లి, వెల్లుల్లి దాని రక్తకణములను చెరచును. ద్రాక్ష, కిసుమిసు మూత్రపిండములను పాడుచేయగలవు. చాకొలెటు దాని గుండెకు హాని. సాంబారు కలిపిన అన్నము పెట్టు అలవాటు గల గృహిణులు ఉల్లి వేయకమునుపే దాని భాగమును వేరుగా తీసియుంచుదురు గాక.

ఏ ప్రాణికైనను ఆహారము మార్చునప్పుడు వారము పది దినములలో కొద్దికొద్దిగా మార్చవలెను. ఆవు పొట్ట బిగిసినను, పిల్లి రెండు దినములు తినకున్నను, చిట్కాలతో కాలహరణము చేయక పశువైద్యుని పిలువవలెను. హెబ్బాళమున 1958లో స్థాపితమైన పశువైద్య కళాశాలయందు చికిత్స లభించును.

అడుగనిదే అమ్మయైనను పెట్టదందురు. ఈ ప్రాణులు అడుగనూ లేవు, వలదననూ లేవు. పెట్టినది తినుటయే వాని కెరుక. కాబట్టి రాబోవు సంక్రాంతికి మన వీధిలోని ప్రతి యింటివారును పొంగలి గిన్నెకు మారుగా ఒక గడ్డిమోపు తేవలెనని కోరుచున్నాము. పూజకు లోటు రాదు, గోవునకు ప్రాణభయమును ఉండదు.