బుష్ మార్చాక ఆఖరి బిగింపు ఎప్పుడు?

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్తుంటే స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా మా పాత మారుతి 800 వెనక ‘టక్ టక్’ అంటోంది. చూస్తే ట్రైలింగ్ ఆర్మ్‌ల రబ్బరు బుష్‌లు అరిగిపోయాయి. ఇంటి దగ్గరే మార్చేద్దాం.

ముందు సేఫ్టీ. ఇందులో హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. అవి గాల్లో ఉంటే అది పనికిరాదు. అందుకే ఫస్ట్ గేర్ వేసి, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టండి. ఒట్టి జాకీని నమ్మి కిందికి దూరొద్దు. బాడీ కింద స్టాండ్లు ఉండాల్సిందే.

ఒక్కో వైపే విప్పండి. పాత బుష్‌ని బెంచ్ వైస్‌లో పెట్టి సాకెట్‌తో నొక్కి తీయండి. కొత్తది ఎక్కించడానికి గ్రీజు వద్దు, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సబ్బు నీళ్లు చాలు.

ఇప్పుడు అసలు పాయింట్. చక్రాలు వేలాడుతుండగా బోల్టు పూర్తిగా బిగించొద్దు. అలా బిగిస్తే కారు దించగానే రబ్బరు మెలిపడి, కొత్త బుష్ కూడా తొందరగా చిరిగిపోతుంది. స్టాండ్లని యాక్సిల్ కిందికి మార్చి, బండి బరువు దాని మీద పడ్డాకే ఆఖరి బిగింపు!

మీ బండి ఎక్కడ చప్పుడు చేస్తోందో కామెంట్‌లో చెప్పండి.