తువ్వాలు వేసిన సీటు
(చల్లపల్లి మహిళల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



హక్కుల గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేనొక బస్సు ప్రయాణం గురించి చెబుతాను. అందులో తప్పు నాది కూడా.

మన రాష్ట్రంలో 2025 ఆగస్టు 15న ‘స్త్రీశక్తి’ పథకం మొదలైంది. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. ఆ తర్వాత కొన్నాళ్లకు మనవాళ్లం పదిహేనుమందిమి మహిళల హక్కుల సభకని విజయవాడ బయలుదేరాం. చల్లపల్లి బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు వేశాం. కూచిపూడిలో ఎక్కబోయే ఇద్దరికి కూడా సీట్లు ఆపాం.

చంకన బిడ్డతో ఒకామె ఎక్కింది. “ఇక్కడెవరన్నా ఉన్నారాండీ?” అని అడిగింది. “ఉన్నారు” అన్నాను. ఆమె ఖాళీ సీటు పక్కనే కమ్మీ పట్టుకుని నిలబడింది. కూచిపూడిలో మనవాళ్లు ఎక్కి కూర్చున్నారు. పామర్రు దగ్గర బిడ్డ వాంతి చేసుకుంటే గాని మాలో ఒకరు లేచి చోటివ్వలేదు.

అప్పుడు మాటలు కలిశాయి. పేరు అడక్కముందే “మీరేమిట్లు?” అని అడిగింది మాలో ఒకామె. నేను వారించలేదు. ఆమె మాత్రం ఓపిగ్గా జవాబు చెప్పింది. ఊరు నాగాయలంక అవతల. కూలిపని. భర్త వదిలేశాడు. భరణం కేసు వాయిదాకు ఒంటరిగా వెళుతోంది. వకీలు ఫీజుకోసం చెవి కమ్మలు తాకట్టు పెట్టింది.

1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయంతో నిమిత్తం లేకుండా స్త్రీలందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. కోర్టులోని న్యాయసేవా సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, 15100కు ఫోన్ చేయవచ్చు. ఈ సంగతి మాలో నలుగురికి తెలుసు. ఆమెకు చెప్పినవాళ్లు లేరు. ఆ బిడ్డ వాంతి చేసుకోకపోతే మేమూ చెప్పేవాళ్లం కాదు. ఆమె నిలబడే దిగిపోయేది, మేం సభకెళ్లి హక్కుల మీద ఉపన్యాసాలు వినేవాళ్లం.

ఇలా ఎందుకు జరిగింది? ‘తెలియనివాళ్లతో మాట్లాడకు’ అని మనల్ని చిన్నప్పటినుంచీ పెంచారు. మగవాళ్లు టీకొట్టు దగ్గర కొత్తవాళ్లతో నాలుగు మాటలాడి నాలుగు సంగతులు తెలుసుకుంటారు. ఆడది ఒంటరిగా బయలుదేరితే ‘ఎవరితో వచ్చావు?’ అంటారు. దేశమంతటా స్వేచ్ఛగా తిరిగే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉన్నా, గడప దాటడానికి మనకు తోడు కావాల్సి వస్తోంది. అందుకే గుంపుగా వెళతాం. అందులో తప్పులేదు, గుంపు మనకు ధైర్యం. కాని ఆరోజు మా ధైర్యమే ఆమెకు అడ్డుగోడ అయింది. పైగా మా పదిహేనుమందిలో ఎక్కువమందిమి ఒకే వీధివాళ్లం, ఒకే కులంవాళ్లం. మా వీధిని బస్సెక్కించి విజయవాడ తీసుకెళ్లాం, అంతే.

ఆమె చీటీ మీద ఆ నంబరు రాయించుకుని, జాకెట్లో దోపుకుని, బెంజి సర్కిల్ దగ్గర దిగింది. దిగేముందు తనే నా పేరడిగింది. అప్పటిదాకా ఆమె పేరు నేను అడగలేదు.

వచ్చే నెల మళ్లీ ప్రయాణం ఉంది. మనలో ఇద్దరు చొప్పున వేరువేరుగా, కొత్తవాళ్ల పక్కన కూర్చుందాం. ముందు పేరడుగుదాం. తువ్వాళ్లు సంచుల్లోనే ఉంచుదాం.