సూది మందు వాడకం: మన బాధ్యత, సర్కారు బాధ్యత

(సిద్దిపేటలో జరిగిన పాడి రైతులు, గొర్రెల పెంపకందారుల సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



2017 జూన్‌లో గొర్రెల పంపిణీ పథకం మన జిల్లాలోని కొండపాకలోనే మొదలైంది. యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు. జీవాలు పెరిగితే వైద్యం కూడా పెరగాలి. డాక్టర్ అందకపోతే రైతు ఏం చేస్తాడు? మందుల దుకాణానికి పోయి, "బర్రె మేత తింటలేదు, ఏదన్న సూది మందు ఇయ్యి" అంటాడు. దుకాణదారు ఇచ్చేది చాలాసార్లు యాంటీబయాటిక్.

ముందుగా ఒక మాట తెలుసుకుందాం. గాలికుంటు, గొర్రెలకు వచ్చే పీపీఆర్, నీలినాలుక వైరస్ రోగాలు. యాంటీబయాటిక్ వైరస్‌ను చంపదు. వీటికి టీకాయే రక్షణ. గొంతువాపు, పొదుగువాపు వంటివి బ్యాక్టీరియాతో వస్తాయి. వాటికి యాంటీబయాటిక్ కావాలి, కానీ ఏ మందు, ఎంత, ఎన్ని రోజులు అన్నది డాక్టరే చెప్పాలి. ఒక సూదితో బర్రె లేచిందని మందు మధ్యలో ఆపితే, చావకుండా మిగిలిన క్రిములు మొండికేస్తాయి. రేపు అదే మందు అదే కొట్టంలో పనిచేయదు. ఆ క్రిములు పేడ ద్వారా, నీళ్ల ద్వారా, మన చేతుల ద్వారా ఇంట్లోకీ వస్తాయి. మనుషులకు చివరి అస్త్రంగా దాచుకోవాల్సిన కొలిస్టిన్‌ను పశువులకు, కోళ్లకు, చేపలకు వాడకూడదని కేంద్రం 2019 జూలైలో నిషేధించింది అందుకే.

ఇక పాల సంగతి. మందు పాలలో దిగుతుంది, కాచినంత మాత్రాన పోదు. అలాంటి పాలు సరిగా తోడుకోవు కూడా. ఆహార భద్రత సంస్థ 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షిస్తే, 77లో యాంటీబయాటిక్ పరిమితికి మించి ఉంది. అంటే ఎక్కువమంది పాలు మంచివే. కానీ ఒక్క క్యాన్ చాలు, ట్యాంకర్ మొత్తం చెడగొట్టడానికి.

ఎన్ని రోజులు పాలు పోయకూడదో మందు లేబుల్ మీద ఉండాలి. లేకపోతే పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలన్నది 2012 నుంచి ఉన్న నిబంధన. రోజుకు 8 లీటర్లిచ్చే బర్రెకు 7 రోజులంటే 56 లీటర్లు పారబోయాలి. పిల్లల ఫీజు కట్టేదీ, దాణా కొనేదీ ఆ పాల బిల్లుతోనే. ఈ నష్టమంతా రైతు ఒక్కడే మోయాలంటే న్యాయం కాదు.

అందుకే మన డిమాండ్లు: ఖాళీగా ఉన్న పశువైద్య పోస్టులు నింపాలి. టీకాలు సీజన్‌కు ముందే వేయాలి. చీటీ లేకుండా యాంటీబయాటిక్ అమ్మే దుకాణాలపై చర్య తీసుకోవాలి. చికిత్స రోజుల్లో పాలు పోయలేని రైతుకు పాల సంఘాలు, ప్రభుత్వం కలిసి పరిహారం ఇవ్వాలి.

మన వంతు పని కూడా చేద్దాం. జీవానికి జబ్బు చేస్తే ముందు 1962కు ఫోన్ చేద్దాం. వేసిన మందు పేరు, తేదీ గోడ క్యాలెండర్ మీద రాసుకుందాం. మిగిలిన సీసా పక్కింటి బర్రెకు ఇవ్వొద్దు. మందున్న పాలు దూడలకూ తాపొద్దు. పాలు పిండే ముందు, తర్వాత పొదుగు శుభ్రంగా కడిగి, కొట్టం పొడిగా ఉంచితే పొదుగువాపు సగం మన దరికి రాదు.

మన వంతు మనం చేసినప్పుడే సర్కారును గట్టిగా అడగగలం. వచ్చే నెల గ్రామ కమిటీలన్నీ ఈ డిమాండ్లపై తీర్మానాలు చేసి పంపాలని కోరుతున్నాం.