నొప్పుల గదిలో తోడు మనిషి

(వరంగల్‌లో మహిళా, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం పేరు కొంచెం బెదరగొట్టేదే. ఇంప్లిమెంటేషన్ సైన్స్. మనం అమలు శాస్త్రం అనుకుందాం. ఆ పేరుతోనే ఒక పత్రిక 2006 నుంచి వెలువడుతోంది. ఎంత పెద్ద పేరు పెట్టుకున్నా అది అడిగే ప్రశ్న మనకు తెలిసిందే. ఒక పద్ధతి మేలు చేస్తుందని రుజువయ్యాక కూడా అది మంచం మీదున్న మనిషి దాకా ఎందుకు రాదు? రావాలంటే ఎవరు ఏం చెయ్యాలి? మందు పనిచేస్తుందా లేదా అన్నది ఒక పరిశోధన. పనిచేసే మందు ఏ గుమ్మం దగ్గర ఆగిపోయిందన్నది ఇంకో పరిశోధన. ఈ రెండోదాన్ని అర్జీలు పట్టుకుని తిరిగే మనం, పేరు తెలియకుండానే చేస్తూ వచ్చాం.

వైద్య పరిశోధనతో స్త్రీల ఉద్యమానికి పాత తగవే ఉంది. 1985లో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్ ప్రయోగానికి ఆడవాళ్ళను పోగుచేసినప్పుడు, ఇది ప్రయోగమని వాళ్ళకు చెప్పారా అని స్త్రీ శక్తి సంఘటన నిలదీసింది. 1986లో ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. మనకు చెప్పకుండా మన ఒంటి మీదికి తెచ్చారన్నది అప్పటి అభ్యంతరం. ఈరోజు నేను మాట్లాడేది అదే తగవులో రెండో వైపు గురించి. మనకు మేలని తేలినదాన్ని తేకుండా వదిలెయ్యడం గురించి.

ఒక్క ఉదాహరణ తీసుకుంటాను. నొప్పులు పడే స్త్రీ పక్కన ఆమెకు నచ్చిన మనిషి ఉండటం.

ఇందులో పరిశోధన ఏముంది, మన అమ్మమ్మలకు తెలియదా అనొచ్చు. తెలుసు. కానీ డాక్టర్లు అమ్మమ్మల మాట వినరు కాబట్టి రుజువులు కావలసి వచ్చాయి. 1980లో గ్వాటెమాలాలోని ఒక ఆసుపత్రిలో చేసిన అధ్యయనం అచ్చయింది. కొందరు గర్భిణుల పక్కన ముందు పరిచయం కూడా లేని ఒక మామూలు స్త్రీని కూర్చోబెట్టారు. ఆమె వీపు రాసింది, మాట్లాడింది, చెయ్యి పట్టుకుంది. అంతే. తోడున్న వాళ్ళకు నొప్పులు తక్కువసేపు సాగాయి, చిక్కులు తక్కువ వచ్చాయి. ఆ తర్వాత ఇలాంటివి ఎన్నో దేశాల్లో చేశారు. 2017లో కొక్రేన్ సంస్థ 17 దేశాల్లో 15 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసింది. విడవని తోడు ఉన్నచోట మామూలు కాన్పులు పెరుగుతాయి, పెద్దాపరేషన్లు తగ్గుతాయి, కాన్పును పీడకలలా గుర్తుంచుకునే వాళ్ళూ తగ్గుతారు అని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 కాన్పు మార్గదర్శకాల్లో దీన్ని చేర్చింది.

మన దేశంలో కాగితం అంతకు ముందే ఉంది. 2016లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రభుత్వాసుపత్రుల్లో కాన్పు గదిలోకి తోడు మనిషిని అనుమతించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ మనిషి స్త్రీ అయి ఉండాలి, వీలైతే తనకూ కాన్పు అనుభవం ఉండాలి, అంటురోగం ఉండకూడదు, శుభ్రమైన బట్టలతో రావాలి, పక్క మంచాల వాళ్ళ జోలికి పోకూడదు. మంచానికి మంచానికి మధ్య మరుగు ఉన్నచోట భర్తనైనా రానివ్వచ్చు. 2017 డిసెంబరులో మొదలైన లక్ష్య కార్యక్రమం కూడా ఇదే చెప్పింది.

ఇప్పుడు మన జిల్లా సంగతి. ములుగు నుంచో, మహబూబాబాద్ తండాల నుంచో ఒక అమ్మాయి నొప్పులతో చందా కాంతయ్య ఆసుపత్రికో, హనుమకొండ ప్రసూతి ఆసుపత్రికో బయలుదేరుతుంది. ఆటోలో తల్లి, అత్త, ఆశా కార్యకర్త, ముగ్గురూ ఉంటారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఇది చిన్న విజయం కాదు, తల్లుల మరణాలు తగ్గాయి. మంత్రసాని కాలం మంచిదని నేను అనబోవడం లేదు. కానీ కాన్పు ఇంటి నుంచి దవాఖానకు మారినప్పుడు గర్భిణి ఒక్కతే లోపలికి వెళ్ళింది. వెంట వచ్చిన మనిషి గేటు దగ్గర ఆగిపోయింది. ఒక ఆసుపత్రిలో, పేరెందుకు లెండి, లోపల బిడ్డ అరుస్తుంటే తలుపు సందులో చెవి పెట్టుకు నిలబడ్డ తల్లిని నేను చూశాను. "నన్ను రానిస్తే ఇంత అరవకపోను గదా" అంది.

అదే సర్వే ఇంకో లెక్క చెప్పింది. తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు కోతవే, దేశంలో ఇదే అన్నిటికంటే ఎక్కువ. ప్రైవేటులో 81.5, ప్రభుత్వాసుపత్రుల్లో 44.5. దేశం మొత్తం మీద 21.5. సమాజం మొత్తంగా చూస్తే నూటికి 10 దాటిన తర్వాత ఆపరేషన్లు పెరిగినా తల్లీబిడ్డల మరణాలు తగ్గడం కనిపించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. ముహూర్తాల పిచ్చి వల్లనే ఇదంతా అని ఆడవాళ్ళ మీదికి తోసేస్తుంటారు. ముహూర్తాలు అడిగే కుటుంబాలున్న మాట నిజం. కానీ నొప్పులు తట్టుకోలేక "కోసెయ్యండి" అని తనే అడిగిన అమ్మాయిని, అప్పుడు నీ పక్కన ఎవరున్నారని అడిగామా?

అమలు శాస్త్రం దగ్గర నాకు పనికొచ్చినదేమిటంటే, అది ఎవరి మంచితనం గురించీ మాట్లాడదు. ఇది వస్తే ఎవరికి లాభం, ఎవరికి పని పెరుగుతుంది, ఎవరికి భయం అని అడుగుతుంది. స్కానింగు మిషన్ మండల కేంద్రాల దాకా వచ్చేసింది. దాన్ని అమ్మేవాడున్నాడు, దాని మీద సంపాదించేవాడున్నాడు. పక్కన కూర్చునే అత్తను అమ్మే కంపెనీ ఏదీ లేదు.

ఇక నర్సు వైపు నుంచి చూడండి. రాత్రి డ్యూటీలో ఒకరో ఇద్దరో, మంచాలన్నీ నిండి ఉంటాయి. తోడు మనిషిని రానిస్తే వెనక నలుగురు వస్తారని, ఏమన్నా జరిగితే గొడవ చేస్తారని, ఫోన్లో వీడియో తీస్తారని ఆమె భయం. ఆ భయం అబద్ధం కాదు. మంచాల మధ్య తెర లేకపోతే ఒకామె తోడు ఇంకొకామెకు అవమానం. అంటే అమలు కావలసింది ఉత్తర్వు కాదు. ముందు తెర, తర్వాత ఒక స్టూలు, ఒక గౌను, ఒక్కరికే ఇచ్చే పాసు. వీటికి డబ్బు ఏ పద్దు కింద ఇస్తారో ఎవరూ చెప్పకపోతే 2016 కాగితం సూపరింటెండెంటు బీరువాలోనే ఉంటుంది.

బయటి దేశాల్లో దీన్ని ఎలా చేశారో ఒకటి చెబుతాను. అర్జెంటీనా, ఉరుగ్వే దేశాల్లో 19 ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనం 2008లో వచ్చింది. బిడ్డ పుట్టగానే తల్లికి రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇవ్వాలని, ప్రతివాళ్ళకూ కింద కోసి కుట్లు వెయ్యకూడదని అందరికీ తెలుసు, ఎవరూ చెయ్యరు. వాళ్ళు పైనుంచి సర్క్యులర్ పంపలేదు. మీలో మీరు ఎవరి మాట వింటారని సిబ్బందినే అడిగి, ఆ మనుషులకు శిక్షణ ఇచ్చారు. వాళ్ళు తోటివారి దగ్గరికి వెళ్ళి మాట్లాడారు, గదిలో గుర్తుచేసే కాగితాలు పెట్టారు, మీ లెక్క ఇదీ అని చూపించారు. ఆక్సిటోసిన్ ఇవ్వడం నూటికి 2.1 నుంచి 83.6కు పెరిగింది. కోతలు 41.1 నుంచి 29.9కి తగ్గాయి.

అన్నీ ఇలా గెలవవు. ఉత్తరప్రదేశ్‌లో లక్షన్నరకు పైగా కాన్పుల మీద చేసిన బెటర్‌బర్త్ అధ్యయనం 2017లో వచ్చింది. నర్సులకు పక్కనుండి నేర్పినన్నాళ్ళూ చెయ్యవలసిన పనులు బాగా పెరిగాయి. రెండో నెలలో నూటికి 72.8 చేస్తున్నవాళ్ళు, నేర్పేవాళ్ళు వెళ్ళిపోయాక, పన్నెండో నెలకు 61.7కు దిగారు. మరణాలు తగ్గలేదు. మందు లేక, రక్తం లేక, పెద్దాసుపత్రికి పంపే వాహనం లేక పోయే ప్రాణాలను చెక్‌లిస్టు ఒక్కటే ఆపలేదు. ఇది వినగానే "చూశారా, ఏం చేసినా అంతే" అనేవాళ్ళుంటారు. నాకు మాత్రం అందులో కనిపించింది, ఎన్జీవోలకు మూడేళ్ళ ప్రాజెక్టు ఇచ్చి మూటకట్టుకు వెళ్ళిపొమ్మనే పద్ధతి మీద విమర్శ.

మన రాష్ట్రంలో జరిగిన మంచి పనీ ఉంది. 2017లో కరీంనగర్‌లో ఫెర్నాండెజ్ ఆసుపత్రి సాయంతో 30 మంది ప్రభుత్వ నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలైంది. మరుసటేడు, 2018 డిసెంబరులో, కేంద్రం దేశం మొత్తానికి మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. నొప్పులు పడే స్త్రీని నడవనివ్వాలి, నచ్చినట్టు కూర్చోనివ్వాలి, తోడు ఉంచుకోనివ్వాలి అన్నది ఈ శిక్షణలో పాఠం. ఇలా నేర్చుకున్న నర్సును తీసుకెళ్ళి వేరే వార్డులో వేస్తే ఆ చదువంతా వృథా. ఆమెను కాన్పు గదిలోనే ఉంచమని అడగడం కూడా హక్కుల పనే.

కాబట్టి ఇక్కడున్న మనం వచ్చే మూడు నెలల్లో చెయ్యగలిగింది చెబుతాను. ప్రతి సంఘం తన దగ్గరి ఒక ప్రభుత్వ కాన్పు గదిని ఎంచుకోవాలి. తెరలు ఎన్ని, స్టూళ్ళు ఎన్ని, రాత్రి నర్సులెందరు, ఇవి చూసి రాసుకోవాలి. ఆ నెల కాన్పుల్లో తోడున్న వాళ్ళెందరో రిజిస్టరులో ఒక గడి పెట్టమని అడగాలి. లెక్కలో లేనిది సమీక్షలో రాదు. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ఎనిమిదో నెలలో ఇంటికి వెళ్ళే ఆశా కార్యకర్త, నీతో లోపలికి ఎవరు రావాలమ్మా అని గర్భిణినే అడిగి, అత్త చెప్పిన పేరు కాకుండా ఆమె చెప్పిన పేరు కార్డు మీద రాయాలి. నర్సుల సంఘాన్ని మొదటి రోజే కలవాలి, ఫిర్యాదు పట్టుకుని కాదు, వాళ్ళకేం కావాలో అడగడానికి. ప్రైవేటు ఆసుపత్రుల సంగతి వేరే, దానికి వేరే బలం కావాలి. మధ్యాహ్నం చర్చలో మాట్లాడుకుందాం. ముందు ఈ తెరల లెక్కకు ఎవరెవరు ఏ ఆసుపత్రికి వెళ్తారో, భోజనానికి లేచేలోగా ఈ కాగితం మీద పేర్లు రాయండి.