చేవగల చెక్క

హైదరాబాదులోని ఫిల్మ్ నగర్‌లో సినిమా కొఱకు కట్టిన జమీందారుల లోగిలిని చూచినచో, ఆ స్తంభములు టేకువే యని మనము నమ్ముదుము. వ్రేలితో తట్టినచో డొల్ల చప్పుడు వినవచ్చును. అది ప్లైవుడ్, దానిపై చారలు కుంచెతో దిద్దినవి. ఇందు తప్పేమియు లేదు. కెమెరాకు పైముఖము చాలును. చిత్రీకరణము ముగిసినంతనే ఆ లోగిలిని విప్పివేయుదురు.

ఆ పొరుగుననే జూబ్లీ హిల్స్‌లో కట్టుకొను ఇండ్ల సంగతి వేఱు. అవి మనుమల కాలము వఱకు నిలువవలెను. తెరపై చూచిన లేతవన్నె గదులు మనసునకు నచ్చి, నేలకును తలుపులకును తెల్ల ఓక్ కావలెనని కోరువారు నేడు కలరు. కోరుటకు ముందు ఆ కలప గుణములను తెలిసికొందము.

తెల్ల ఓక్ ఉత్తర అమెరికా తూర్పు ప్రాంతపు వృక్షము. ఎండిన కలప ఘనమీటరునకు సుమారు 750 కిలోలు తూగును; మన టేకు సుమారు 650 కిలోలు. దాని చేవలోని సూక్ష్మనాళములను టైలోస్ అను పొరలు సహజముగనే మూసివేయును. అందుచే ద్రవము కారిపోదు. మద్యమునకు పీపాలను, సముద్రముపై ఓడలను దానితో చేసిరి. 1797లో నీట దిగిన అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్ పైపలకలు తెల్ల ఓక్‌వే. ఎఱ్ఱ ఓక్‌లో సాధారణముగా ఈ మూత యుండదు. చారల వెంట పొడవుగా కోసిన చిన్న ముక్క కొనను నీట ముంచి, రెండవ కొననుండి ఊదినచో ఎఱ్ఱ ఓక్ బుడగలు విడుచును. తెల్ల ఓక్ చేవ ఊపిరిని పోనీయదు. అంగడిలో ఎవరైనను చేయదగిన పరీక్ష ఇది.

అయినను రెండు జాగ్రత్తలు కావలెను. ఈ కలపలో టానిన్ మెండు. ఇనుప మేకునకు తడి తగిలినచో నల్లని మరక పడును. తుప్పుపట్టని ఉక్కు మరలు వాడవలెను. రెండవది, పచ్చికలప పూర్తిగా ఎండునప్పటికి వలయముల వెంబడి తెల్ల ఓక్ నూటికి 10.5 వంతులు కుంచించుకొనును; టేకు 5.8 వంతులే. మే నెల ఎండకు ఆరి, ఆగస్టు తేమకు ఉబ్బు మన నగరములో, సరిగా ఆరబెట్టని పలక బీటలు వాఱును, తలుపు బిగుసుకొనును. అందుచేతనే ప్లైవుడ్‌పై ఓక్ పొర నతికిన పలకలను నేలకు పఱచుదురు. అది మోసము కాదు. అట్టి పలక తక్కువ కదలును. కాని పొర పలుచనైనచో మరల మరల చిత్రిక పట్టుటకు వీలుండదు. పొర మందమెంతయో అడిగి కొనవలెను.

గడపకును ద్వారబంధమునకును ఆదిలాబాదు అడవుల టేకు చేవయే మేలని మా అభిప్రాయము. చెద దానిని త్వరగా ముట్టదు. మన ఎండవానలలో పెరిగిన చెట్టు అది. గదిలోపలి బల్లకును నేలకును తెల్ల ఓక్ చక్కగా అమరును. ఏది కొన్నను, వన్నెతోపాటు కోసిన కొనను కూడ చూచి, చేవ యెంతయో తెలిసికొని మఱీ కొందము.